మా దర్రీల మెయిల్స్ ఎవరూ తెరవట్లేదు, సబ్జెక్ట్ లైన్ ఎలా రాయాలి?

మీ ప్రశ్నలో నాకు అర్థమైంది ఇది. హన్మకొండ నుంచి వరంగల్ కొత్తవాడలో నేసే దర్రీలు (కింద పరుచుకునే నూలు నేతలు) ఆన్‌లైన్‌లో అమ్ముతున్నారు. దగ్గర 2,400 ఈమెయిల్ అడ్రసులున్నాయి. వారానికో మెయిల్ పంపుతున్నారు, తెరిచేవాళ్లు తగ్గుతూ పోతున్నారు. పోయిన నెల పంపిన దాని సబ్జెక్ట్ "మెగా ఫెస్టివల్ ధమాకా!!! 30% వరకు తగ్గింపు, త్వరపడండి". ఏం రాస్తే తెరుస్తారు, తెలుగులో రాయాలా ఇంగ్లిష్‌లోనా అని అడిగారు.

ముందు సూటిగా జవాబు చెప్తాను. మెయిల్ కంటే ముందు సబ్జెక్ట్ రాయండి. లోపల చెప్పబోయే వాటిలో ఒక్కదాన్ని, మీ షాపు తప్ప ఇంకెవరూ చెప్పలేని దాన్ని, ఆరేడు మాటల్లో పెట్టండి. అసలు సంగతి మొదటి మూడు మాటల్లోనే రావాలి. అలాంటిది ఒక్కటీ దొరక్కపోతే ఆ వారం మెయిల్ మానేయండి. భాష సంగతి మీ లిస్టులో ఎవరున్నారన్న దాన్ని బట్టి ఉంటుంది, కింద చెప్తాను.

నేను పదకొండేళ్లుగా వరంగల్, కరీంనగర్ వైపు చిన్న వ్యాపారాలకు మెయిల్స్ రాసిపెడుతున్నాను. సకినాలు విదేశాలకు పంపే ఒక ఇల్లు, చీరల షాపు, కోచింగ్ సెంటర్, ట్రావెల్స్, ఇలాంటివి. ఇందులో చెప్పేవి చాలావరకు నా చేతులు కాలాక తెలిసినవే.

మీ "ధమాకా" లైన్‌తో గొడవేమిటంటే అది అబద్ధమని కాదు, ఎవరిదైనా కావచ్చు. పంపినవాళ్ల పేరును వేలితో మూసి చదవండి. చౌరస్తాలో ఫ్రిజ్‌లు అమ్మే షాపుకూ అదే సరిపోతుంది, సెల్‌ఫోన్ షాపుకూ సరిపోతుంది. చదివేవాళ్లకు అది ఉత్తరంలా కాదు, గోడమీద పోస్టర్‌లా కనిపిస్తుంది. పోస్టర్‌ని ఎవరూ ఆగి చదవరు. అదే "కొత్తవాడ మగ్గం మీంచి దిగినవి 12" అని ఉంటే? పేరు మూసినా అది దర్రీలదేనని తెలుస్తుంది, ఎక్కడివో తెలుస్తుంది, ఎన్నున్నాయో తెలుస్తుంది. ఏ రంగు, ఎంత ధర అన్నది తెలియదు. ఆ తెలియనిది చూడటానికే వేలు నొక్కుతుంది.

మీ దగ్గర ఇలాంటి సరుకు దండిగా ఉంది, మీరే గుర్తించట్లేదు. వరంగల్ దర్రీలకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. 1851లో లండన్‌లో జరిగిన మహా ప్రదర్శనకు వరంగల్ తివాచీలు వెళ్లాయి. ఇవి ఒకటి రెండు మెయిల్స్‌కు పనికొస్తాయి. కానీ నిజం చెప్పాలంటే చరిత్ర కంటే ఇంటి సంగతులే ఎక్కువ తెరిపిస్తాయి. మీరు "దర్రీ" అంటున్నారు, మన ఇళ్లలో చాలామంది జంపఖానా అనే అంటారు. "చుట్టాలు పదిమంది, జంపఖానా ఒక్కటే" అని దసరాకు మూడు వారాల ముందు పంపి చూడండి. అమ్మ నుంచి వచ్చిన మెసేజ్‌లా ఉంటుంది. ఇప్పటికే కొన్నవాళ్లకైతే "దర్రీ మొదటిసారి ఉతికే ముందు" అని పంపండి. లోపల చన్నీళ్లలో విడిగా ఉతకమని, నీడలో ఆరేయమని నాలుగు ముక్కలు రాయండి. అమ్మేదేమీ లేదు కదా అనుకోకండి. ఆ మెయిల్ తెరిచినవాళ్లు తర్వాతి మెయిల్ కూడా తెరుస్తారు.

ఇక్కడ తెలుగుకే ప్రత్యేకమైన చిక్కు ఒకటుంది. ఇంగ్లిష్‌లో రాసిన మార్కెటింగ్ పాఠాల్లో ఇది ఎక్కడా దొరకదు. మన వాక్యంలో క్రియ చివర్న వస్తుంది. అంటే కబురు చివర్న ఉంటుంది. ఫోన్‌లో సబ్జెక్ట్ ముప్పై, నలభై అక్షరాల దగ్గర తెగిపోతుంది. ఫోన్‌ని బట్టి కొంచెం అటూ ఇటూ. "మీరు పోయిన నెల అడిగిన నీలం అంచు దర్రీలు మళ్లీ వచ్చాయి" అని రాశారనుకోండి. చదివేవాళ్లకు కనిపించేది "మీరు పోయిన నెల అడిగిన నీలం…" అంతే. వచ్చాయా, అయిపోయాయా, ధర పెరిగిందా? తెలియదు. దాన్నే తిప్పి "నీలం అంచువి వచ్చాయి, మీరు అడిగినవే" అనండి. మనం నోటితో మాట్లాడేటప్పుడు ఇట్లాగే అంటాం. "వచ్చినయ్ అక్కా, నువ్వడిగిన నీలంవి" అని షాపులో ఎవరైనా అంటారు. రాసేటప్పుడే మనకు స్కూల్లో నేర్పిన వాక్యం అడ్డం వస్తుంది. సబ్జెక్ట్ రాశాక ఒకసారి పైకి చదవండి, ఫోన్‌లో ఎవరికైనా చెప్తున్నట్టు ఉంటే ఉంచండి.

అంటే యాస పెట్టమని కాదు. ఒక చీరల షాపుకు నేను "జర ఆగుండ్రి, కొత్త స్టాక్ చూడుండ్రి" అని రాశాను. లోపల మాత్రం మెయిల్ అంతా కంపెనీ భాష. వరంగల్ నుంచే ఒకాయన జవాబు రాశారు, "మా యాసతో ఎక్కిరిస్తున్నరా?" అని. ఆయన అన్నదాంట్లో తప్పులేదు. షాపులో, ఫోన్‌లో, మెయిల్ లోపల కూడా అట్లాగే మాట్లాడేవాళ్లు రాస్తే బాగుంటుంది. పై మాటకు మాత్రమే తగిలిస్తే వేషంలా ఉంటుంది. అదే షాపుకు సబ్జెక్ట్‌లో "అక్కా" అని కూడా పెట్టాం కొన్నాళ్లు. లిస్టులో భార్యకు చీరలు కొనే పెద్దమనుషులు కూడా ఉంటారని తట్టలేదు.

పేర్ల సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. మెయిల్ పంపే సాఫ్ట్‌వేర్లన్నీ సబ్జెక్ట్‌లో పేరు చేర్చమంటాయి. పరాయి దేశం పద్ధతిలో మొదటి మాటే పేరు. మన దగ్గర మొదట ఇంటిపేరు వస్తుంది, చాలాసార్లు ఒట్టి పొడి అక్షరం వస్తుంది. నేను ఒకసారి ఆరువందల మందికి "కె గారూ, మీకోసం", "జి గారూ, మీకోసం" అని పంపాను. మీ లిస్టులో పేర్ల గడిని కూర్చుని చేత్తో సరిచేసే ఓపిక ఉంటే తప్ప పేరు జోలికి పోకండి.

తెరిపించడం వేరు, మోసపుచ్చి తెరిపించడం వేరు. ఇది నా పెద్ద తప్పు, అందుకే కొంచెం విడమరిచి చెప్తాను. ఒక కోచింగ్ సెంటర్‌కు కొత్త బ్యాచ్ అడ్మిషన్ల మెయిల్ రాయాలి. పరీక్షల కాలం. నేను సబ్జెక్ట్ "మీ హాల్ టికెట్ విషయం" అని పెట్టాను. లోపల హాల్ టికెట్ గురించి ఒకే ఒక్క లైను, మిగతాదంతా ఫీజు రాయితీ. అంతకు ముందెప్పుడూ అంతమంది తెరవలేదు. గంటలో ఫోన్లు మొదలయ్యాయి. పిల్లల హాల్ టికెట్‌లో ఏదో తప్పొచ్చిందని తల్లిదండ్రులు టెన్షన్ పడిపోయారు, ఒక తండ్రి డ్యూటీ వదిలేసి సెంటర్‌కు వచ్చాడు. చాలామంది ఆ మెయిల్‌ని స్పామ్ అని నొక్కారు. ఆ తర్వాత నెలా రెండు నెలలు ఆ సెంటర్ పంపిన ఫీజు రసీదులు కూడా స్పామ్‌లోకే పోయాయి. ఆ కాంట్రాక్టు నాకు పోయింది, పోవాల్సిందే.

మీరు ఎక్కడో చదివి ఉంటారు, సబ్జెక్ట్ ముందు "రీ:" అని పెడితే జవాబు అనుకుని తెరుస్తారని. అదీ ఇదే బాపతు. మీకు అమెరికాలో కస్టమర్లు ఉన్నారన్నారు కాబట్టి చెప్తున్నా, అక్కడి 2003 నాటి క్యాన్-స్పామ్ చట్టం మోసపుచ్చే సబ్జెక్ట్ లైన్లను నేరుగా నిషేధిస్తుంది. వద్దన్నవాళ్లను 10 పనిరోజుల్లోపు తీసేయాలి, మెయిల్‌లో మీ పోస్టల్ అడ్రసు ఉండాలి.

స్పామ్ నొక్కడం ఎంత ఖరీదైన సంగతో లెక్క చూడండి. తమ అడ్రసులకు మెయిల్స్ పంపేవాళ్ల మీద స్పామ్ ఫిర్యాదులు 0.3 శాతం దాటకూడదని, వీలైతే 0.1 శాతం లోపే ఉంచుకోవాలని జీమెయిల్ చెప్తుంది. మీ 2,400 మందిలో 0.3 శాతం అంటే ఏడుగురు. ఏడుగురికి కోపం తెప్పిస్తే చాలు. 2024 ఫిబ్రవరి నుంచి రోజుకు 5,000కు పైగా పంపేవాళ్లకు ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ అనే మూడు గుర్తింపులూ (మెయిల్ నిజంగా ఆ పంపినవాళ్లదేనని చూపేవి) ఉండాలన్నారు. ఒక్క నొక్కుతో లిస్టులోంచి బయటపడే ఏర్పాటు కూడా తప్పనిసరి చేశారు. మీరు అంత పంపకపోయినా అవన్నీ పెట్టించుకోండి, మీ వెబ్‌సైట్ చూసే అబ్బాయికి అరపూట పని.

మీ ప్రశ్నలో చివర్న ఒక మాట అన్నారు, 2,400లో 900 అడ్రసులు స్నేహితుడి దగ్గర కొన్నవని. అవి తీసేయండి. ఎంత మంచి సబ్జెక్ట్ రాసినా వాళ్లు మిమ్మల్ని ఎరగరు. 2023 నాటి మన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టానికి పునాది కూడా సమ్మతే. ఎవరిని అడిగి పంపుతున్నావంటే చెప్పడానికి జవాబుండాలి. మిగిలిన 1,500 మందే మీ లిస్టు. తగ్గినందుకు బాధపడకండి.

"ఫ్రీ", "ఆఫర్" లాంటి మాటలుంటే స్పామ్‌లోకి పోతుందని పెద్ద జాబితాలు తిరుగుతుంటాయి. నేను వాటిని పట్టించుకోవడం మానేశాను. ఇప్పటి ఫిల్టర్లు ఒక్క మాటను చూసి తీర్పు చెప్పవు. పంపేవాళ్ల పాత నడత, ఇదివరకు జనం ఆ మెయిల్స్‌తో ఏం చేశారన్నది ఎక్కువ చూస్తాయి. తగ్గింపు నిజంగా ఉంటే "తగ్గింపు" అనే రాయండి, ఎంతో రాయండి. "30% వరకు" అంటే ఏదో మూల ఒక్కదానికి 30, మిగతావాటికి 5 అని అందరికీ తెలుసు. "4×6 దర్రీ మీద 200 తక్కువ" అంటే నమ్ముతారు.

నేను రాసినవాటిలో జనం ఎక్కువగా జవాబిచ్చింది తగ్గింపు మెయిల్‌కు కాదు. సకినాలు పంపే ఇంటివాళ్లకు ఒక సంక్రాంతి ముందు మొదటి వాయిల్లో వాము ఎక్కువ పడింది. పార్సిళ్లు అప్పటికే పోయాయి. ఏం చేద్దామని అడిగితే, ఉన్నదున్నట్టు చెప్దామన్నాను. సబ్జెక్ట్ "సకినాల్లో వాము ఎక్కువైంది, మా తప్పే". లోపల ఎవరికి ఆ వాయి వచ్చిందో, కావాలంటే మళ్లీ పంపుతామనో రాశాం. ఆర్డర్ పెట్టనివాళ్లు కూడా తెరిచారు. ముగ్గురు నలుగురు అడిగిందేమిటో తెలుసా? "ఆ వాము ఎక్కువైనవే ఒక కిలో పంపండి, మా అమ్మ అట్లాగే చేసేది." మీకూ ఇలాంటివి వస్తాయి. వానాకాలంలో అద్దిన నూలు ఆరదు. అప్పుడు "ముసురు పట్టింది, నూలు ఆరట్లేదు" అని పంపండి. ఆర్డర్ నాలుగు రోజులు ఆలస్యమని లోపల చెప్పండి. ఆలస్యానికి తిట్టేవాళ్లు కూడా మగ్గం ఫొటో చూసి ఆగుతారు.

ట్రావెల్స్ వాళ్లకు పనికొచ్చింది ఇంకో రకం, జనం తమలో తాము అడుక్కునే ప్రశ్న. రెండేళ్లకోసారి మేడారం జాతర వస్తుంది. అందరూ "మేడారం స్పెషల్ ప్యాకేజ్" అనే పంపుతారు. మేం "మేడారం ఏ రోజు పోతే మంచిది?" అని పంపాం. లోపల నిజంగానే ఆ జవాబు రాశాం. బుధవారం సారలమ్మ గద్దెకు వస్తుంది, గురువారం సమ్మక్క, శుక్రవారం ఇద్దరూ గద్దెల మీదుంటారు, శనివారం వనప్రవేశం. చిన్నపిల్లలతో పోయేవాళ్లు జాతరకు ముందు వారమే దర్శనం చేసుకొస్తే తోపులాట తక్కువ. బస్సు టైములు చివర్న పెట్టాం. ప్రశ్న వేస్తే లోపల జవాబు ఉండాలి, అది లేకుండా ప్రశ్న వేస్తే మళ్లీ నా హాల్ టికెట్ కథే.

పంపేవాళ్ల పేరు గడిలో మీది "ఇన్ఫో" అని ఉంది. మార్చండి. జనం మొదట చూసేది ఎవరు పంపారన్నదే, ఆ తర్వాతే సబ్జెక్ట్. మీ పేరు, పక్కన షాపు పేరు పెట్టండి. జవాబు రాస్తే మీకు చేరాలి. 2012 ఎన్నికల్లో ఒబామా ప్రచారం వాళ్లు "హే" అన్న ఒక్క మాట సబ్జెక్ట్‌తో మెయిల్స్ పంపారని చాలామంది చెప్తుంటారు. అది ఒబామా పేరుతో వచ్చింది కాబట్టి తెరిచారు, మనం పంపితే ఎవడో తెలియనివాడు భుజం తట్టినట్టుంటుంది. వాళ్ల దగ్గర నేర్చుకోవాల్సింది వేరేది. ఒకే మెయిల్‌కు 18 రకాల సబ్జెక్ట్‌లు పరీక్షించి చూశారు, అందులో "ఖర్చులో నేను వెనకబడతాను" అన్నది గెలిచి 26 లక్షల డాలర్లకు పైగా తెచ్చింది. మామూలు మాట, నిజమైన ఇబ్బంది.

మీరూ అలా పరీక్షిద్దాం అనుకుంటారు, సాఫ్ట్‌వేర్‌లో బటన్ కూడా ఉంటుంది. చిన్న లిస్టుతో ఆ పరీక్షను నమ్మకండి. ఐదువందల మందికి ఒకటి, ఇంకో ఐదువందల మందికి ఇంకోటి పంపారు. దీన్ని 100 మంది, దాన్ని 115 మంది తెరిచారు. రెండోది గెలిచిందా? చెప్పలేం. ఆ పదిహేను మంది తేడా ఒట్టి యాదృచ్ఛికంగానూ వస్తుంది. పాతిక మంది తేడా ఉంటే అప్పుడు ఆలోచించొచ్చు. పైగా 2021లో ఆపిల్ తన మెయిల్ యాప్‌లో గోప్యత ఏర్పాటు ఒకటి తెచ్చాక మనిషి తెరవకపోయినా బొమ్మలు ముందే లోడ్ అయి "తెరిచారు" అని లెక్కలో పడుతున్నాయి. ఐఫోన్లు వాడేవాళ్లు ఎక్కువున్న మీ అమెరికా లిస్టులో ఆ అంకె అస్సలు నమ్మకండి. ఎంతమంది లింకు నొక్కారు, ఎంతమంది జవాబు రాశారు, ఎన్ని దర్రీలు పోయాయి, ఇవి ఒక నోట్‌బుక్‌లో రాసుకోండి. ఆరు నెలల తర్వాత ఆ నోట్‌బుక్కే మీకు గురువు.

ఇప్పుడు తెలుగా ఇంగ్లిషా అన్నది. హోటళ్లకు, ఆఫీసులకు అమ్మే మెయిల్స్ ఇంగ్లిష్‌లోనే పంపండి, అక్కడ కొనే మేనేజర్ తెలుగువాడు కాకపోవచ్చు. ఇళ్లకు కొనేవాళ్లకు, ముఖ్యంగా బయట దేశాల్లో ఉన్నవాళ్లకు, తెలుగు లిపిలో సబ్జెక్ట్ పంపండి. వందల ఇంగ్లిష్ మెయిల్స్ మధ్య ఒక తెలుగు లైను ఉంటే కళ్లు అక్కడే ఆగుతాయి. తెలుగును ఇంగ్లిష్ అక్షరాల్లో రాయడం మాత్రం నాకు నచ్చదు. వాట్సాప్‌లో సరే, షాపు మెయిల్‌లో చవకగా కనిపిస్తుంది.

తెలుగు లిపితో ఒక సాంకేతిక ప్రమాదం ఉంది. మెయిల్ సబ్జెక్ట్ పాత నిబంధనల ప్రకారం ఇంగ్లిష్ అక్షరాలనే మోస్తుంది. మన అక్షరాల్ని సంకేతాలుగా మార్చి ముక్కలు ముక్కలుగా పంపుతారు. ఒక్కో ముక్క 75 గుర్తులకు మించకూడదు. మనం అక్షరమనుకునేది కంప్యూటర్‌కు ఒక్కటి కాదు. "మగ్గం" అన్నది దానికి ఐదు గుర్తులు, ఒక్కోటి మూడు బైట్లు. లెక్క వేస్తే ఒక ముక్కలో పదిహేను తెలుగు గుర్తులే పడతాయి. మంచి సాఫ్ట్‌వేర్ గుర్తు మధ్యలో కోయదు. నాసిరకంది మధ్యలో కోసేస్తుంది, అప్పుడు అవతలివాళ్లకు డబ్బాలు, ప్రశ్నార్థకాలు కనిపిస్తాయి. అందుకే పంపే ముందు జీమెయిల్‌కు ఒకటి, ఔట్‌లుక్‌కు ఒకటి, ఒక పాత ఆండ్రాయిడ్ ఫోన్‌కు ఒకటి పంపి కళ్లారా చూడండి.

ఇంకో చిన్న సంగతి. సబ్జెక్ట్ పక్కన లేత రంగులో ఇంకో లైను కనిపిస్తుంది కదా, అది మెయిల్ లోపలి మొదటి వాక్యం. మీ మెయిల్‌కు అక్కడ "ఈ మెయిల్ సరిగా కనిపించకపోతే ఇక్కడ నొక్కండి" అని వస్తోంది. రెండో సబ్జెక్ట్‌ని ఉచితంగా ఇస్తే పారేసుకున్నట్టే. అక్కడ ధరో, రంగో, సైజో పెట్టండి.

టైము గురించి పెద్దగా చెప్పను. మన సాయంత్రం ఆరున్నర అంటే అమెరికా తూర్పు తీరంలో ఎండాకాలం పొద్దున తొమ్మిది, చలికాలం ఎనిమిది. వాళ్లకు అప్పుడు పంపండి. ఎంగిలిపూల బతుకమ్మ నుంచి సద్దుల బతుకమ్మ దాకా తొమ్మిది రోజులు అందరి ఇన్‌బాక్సులూ శుభాకాంక్షలతో నిండిపోతాయి, ఆ గుంపులో మీరు దూరకండి.

మీ దసరా మెయిల్స్‌కు నేనైతే మూడు రాసుకునేవాణ్ణి. ఒకటి "చుట్టాలు పదిమంది, జంపఖానా ఒక్కటే", పండగకు మూడు వారాల ముందు. రెండోది "ఎరుపంచువి అయిపోయాయి, ఆకుపచ్చ ఉన్నాయి", అది నిజమైతేనే. మూడోది "కొత్తవాడ మగ్గం మీంచి దిగినవి 12". ఈ మూడోది పంపే రోజు పొద్దున ఒకసారి మగ్గం దగ్గరికెళ్లి లెక్కపెట్టుకుని రండి. పన్నెండు అని రాసి తొమ్మిదే ఉంటే, పదో ఆర్డర్ పెట్టినావిడకు ఫోన్ చేసి చెప్పాల్సింది మీరే.